డొంకదారికి దిక్కెవరు?

సోమవారం నాడు ఏ కలెక్టరేటుకైనా వెళ్లి అర్జీల వరసలో కాసేపు నిలబడండి. తెలంగాణలో ప్రజావాణి అన్నా, ఆంధ్రలో ప్రజా సమస్యల పరిష్కార వేదిక అన్నా, పొలం దారి తగాదాతో వచ్చినవాళ్లు ఒకరో ఇద్దరో కనిపిస్తారు. పట్టా ఉంది, పాసుబుక్కు ఉంది, శిస్తుల కాలం నాటి రసీదులు కూడా ప్లాస్టిక్ కవర్లో భద్రంగా ఉన్నాయి. పొలానికి పోవడానికే దారి లేదు. పక్క రైతు కడీలు పాతాడు, లేదా జేసీబీతో అడ్డంగా కందకం తవ్వించాడు. ఊళ్లో పంచాయతీ ఉంది, సర్పంచి ఉన్నాడు, కార్యదర్శి ఉన్నాడు. అయినా ఈ మాట చెప్పుకోవడానికి ఒక రోజు కూలి వదులుకుని జిల్లా కేంద్రం దాకా రావాల్సి వస్తోంది. కారణం ఒక్కటే. ఆ దారికి పూచీ నాదని చెప్పే ఆఫీసు ఊళ్లో లేదు. గ్రామ పంచాయతీని ఆ ఆఫీసుగా చట్టప్రకారం నిలబెట్టాలి. అది జరగనంత కాలం ఎన్ని సర్వేలు చేసినా, ఎన్ని పోర్టళ్లు తెచ్చినా పొలం బాటలు కరిగిపోతూనే ఉంటాయి.

గుంటూరు వైపు డొంక, గోదావరి జిల్లాల్లో పుంత, రాయలసీమలో రస్తా, తెలంగాణలో బండ్ల బాట, నక్షా బాట. పేర్లు ఏవైనా రికార్డును బట్టి వీటిలో మూడు రకాలున్నాయి. మొదటి రకానికి సొంత సర్వే నంబరు ఉంటుంది. ఊరి భూముల రికార్డయిన అడంగల్‌లో డొంక పోరంబోకు అనో, బండిబాట పోరంబోకు అనో రాసి ఉంటుంది. అది ప్రభుత్వ భూమి, వివాదానికి తావు తక్కువ. రెండో రకం పట్టా భూముల మధ్య నుంచి పోయే దారి. గ్రామ నక్షలో, అంటే ఊరి పటంలో, చుక్కల గీతగా కనిపిస్తుంది కానీ దానికి విడిగా విస్తీర్ణం ఉండదు. ఆ జాగా రైతు పట్టాలోనే కలిసి ఉంటుంది. మూడోది ఏ కాగితంలోనూ లేని బాట. తాతల నాటి నుంచి గట్టు వెంబడి నడిచారు, బండి తోలారు, అంతే. పల్లెల్లో తగాదాలు ఎక్కువగా వచ్చేది రెండో రకం, మూడో రకం దారుల మీదే. మొదటి రకంలో తగాదాలు తక్కువగా కనిపిస్తాయి. చాలాచోట్ల ఆ దారులు చప్పుడు లేకుండా ఎప్పుడో పక్క పొలాల్లో కలిసిపోయాయి.

దారి ఎలా పోతుందో దగ్గర నుంచి చూడాలి. దుక్కి దున్నేటప్పుడు ట్రాక్టరు గట్టు అంచు దాకా వస్తుంది. ఈ ఏడు ఒక సాలు లోపలికి పోతుంది. వచ్చే ఏడు గట్టు నరికి ఇంకో మూర అవతల వేస్తారు. హద్దు రాయి అడ్డమొస్తే దాన్ని పెకిలించి బాయి దగ్గర బట్టలుతికే బండగా వేసుకుంటారు. అవతలి రైతు చూసి, ఆయన జరిగినప్పుడు నేను జరిగితే తప్పేంటని తన వైపు నుంచి మొదలుపెడతాడు. రెండు బండ్లు ఎదురెదురుగా వచ్చినా తప్పుకునే బాట పదేళ్లలో ఒక్క బండి పట్టేదిగా, ఇంకో పదేళ్లలో మనిషి నడిచే కాలిబాటగా మారుతుంది. ఆ తర్వాత అక్కడ దారి ఉండేదని చెప్పే ముసలాయన కూడా పోతాడు.

ఇందులో ఉన్న లాభం చిన్నదేమీ కాదు. తెలంగాణలో రైతుల నోట తరచూ వినిపించే నక్షా బాట వెడల్పు 33 అడుగులు. ఆంధ్ర కొలతల్లో 66 అడుగుల గొలుసులో సరిగ్గా సగం, అంటే 50 లింకులు. 33 అడుగుల బాట కిలోమీటరు పొడవున పోతే అది దాదాపు రెండున్నర ఎకరాల నేల. రోడ్డు పక్క భూమి అడుగుల లెక్కన అమ్ముడుపోతున్న రోజుల్లో రెండున్నర ఎకరాలు ఎవరూ అడగకుండా పడి ఉంటే ఆశ పుట్టకుండా ఎలా ఉంటుంది? పొరుగు రైతులకే కాదు, వెంచర్లు వేసేవాళ్లకూ, ఫామ్ ప్లాట్లు అమ్మేవాళ్లకూ అదే ఆశ. రైతు సాలు సాలుగా తింటే వాళ్లు ఒక్క రాత్రిలో ప్రహరీ కట్టి గేటు పెడతారు. గేటు అవతల ఉన్న నాలుగు పొలాల వాళ్లు వాచ్‌మన్‌ను బతిమాలుకుని పోవాలి.

దారి పోతే ఎవరికి నష్టం? రోడ్డు పక్క పొలం ఉన్నవాళ్లకు కాదు, లోపలి పొలం వాళ్లకు. వరి కోత మిషన్ లోపలికి పోవాలంటే ముందున్న పొలాల్లో కోత అయ్యేదాకా ఆగాలి. ఈలోపు వాన పడితే పంట నేలకొరుగుతుంది. యూరియా బస్తా గట్ల మీద నెత్తిన మోయాలి, దానికి కూలి వేరే. కౌలుకు ఇద్దామంటే దారి లేని పొలం కదా అని రేటు తగ్గిస్తారు. చివరికి విసిగి అమ్మకానికి పెడితే కొనేవాడు ఒక్కడే ఉంటాడు. దారి మూసినవాడు. దారి తగాదాల్లో అన్నిటికన్నా బాధ కలిగించేది ఈ లెక్కే. కొన్నిచోట్ల దారి మూయడం కోపంలో చేసిన పని కాదు, పక్క భూమిని చవగ్గా కొట్టేయడానికి వేసిన ఎత్తు.

కులం లెక్క కూడా ఇందులో ఉంది, దాన్ని దాటేసి మాట్లాడితే మోసం చేసినట్టే. పేదలకు, ముఖ్యంగా దళితులకు ఇచ్చిన అసైన్డ్ భూములు చాలా ఊళ్లలో చెరువు శిఖం అంచునో, గుట్ట కిందో, ఊరి పొలాలన్నీ దాటాక చివర్లోనో ఉంటాయి. పట్టా ఇచ్చినప్పుడు అక్కడికి ఎలా పోవాలో ఎవరూ కాగితం మీద రాయలేదు. శ్మశానం దారి సంగతి ఇంకా దారుణం. శవాన్ని భుజాన వేసుకుని వరి మళ్లలో, మోకాటి లోతు బురదలో నడిచిన దృశ్యాలు ఏటా వానాకాలంలో పేపర్లలో చూస్తూనే ఉన్నాం. రెండు రోజులు వార్త అవుతుంది, తహసీల్దారు వచ్చి వెళ్తారు, మళ్లీ ఇంకో ఊరు. గొర్రెల కాపరుల గొంతు ఈ చర్చలోకి అసలు రానే రాదు. మందతో నెలల తరబడి తిరిగే మనిషికి డొంక అంటే దారే కాదు, మేత కూడా. రెండు వైపులా ముళ్లతీగ వస్తే మందను తారు రోడ్డెక్కించాలి, లారీల కింద జీవాలను పోగొట్టుకోవాలి.

మరి చట్టం లేదా అంటే, ఉంది. చాలా ఉంది, ముక్కలు ముక్కలుగా ఉంది. పరాయి భూమిని వాడుకునే హక్కుల గురించి చెప్పే 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం ఒక దారిని 20 ఏళ్లు బహిరంగంగా, హక్కుగా, ఆటంకం లేకుండా వాడుకుంటే అది హక్కు అవుతుంది. ప్రభుత్వ భూమి మీదైతే 30 ఏళ్లు. కానీ అది నిరూపించుకోవాల్సింది సివిల్ కోర్టులో, వాయిదాల మీద వాయిదాలతో. పబ్లిక్ దారికి అడ్డం తొలగించమని ఆర్డీవో ఉత్తర్వు ఇవ్వొచ్చు. పాత నేర విచారణ స్మృతి సీఆర్‌పీసీలో అది 133వ సెక్షన్, దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 152. పోరంబోకు ఆక్రమణ అయితే 1905 నాటి భూ ఆక్రమణల చట్టం కింద తహసీల్దారు ఖాళీ చేయించాలి. ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించే పథకాలు తయారు చేయమని 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. రాజ్యాంగం 11వ షెడ్యూలు రోడ్లనూ, కల్వర్టులనూ పంచాయతీలకు అప్పగించదగ్గ అంశాల్లో పెట్టింది.

ఇన్ని ఉన్నా పని ఎందుకు కాదు? నక్ష రెవెన్యూ వాళ్ల దగ్గర ఉంటుంది. కొలిచే మనిషి సర్వే శాఖలో ఉంటాడు. మొరం పోయడానికి డబ్బు ఉపాధి హామీలో ఉంటుంది. కొట్టుకుంటే పోలీసులు వస్తారు, మిగిలింది కోర్టు. ప్రతి ఆఫీసూ రైతును ఇంకో ఆఫీసుకు పంపగలదు, పంపుతుంది కూడా. పట్టా భూమికి హద్దు అనుమానం వస్తే పట్టాదారు హద్దు కొలవమని ఎఫ్-లైన్ పిటిషన్ పెట్టుకుంటాడు, ఫీజు కట్టి కొలిపించుకుంటాడు. డొంకకు పట్టాదారు లేడు. దాని హద్దు కొలవమని అర్జీ పెట్టేదెవరు? పెట్టినవాడు ఊళ్లో నలుగురితో పగ తెచ్చుకోవాలి. అంత అవసరం ఎవరికుంటుంది?

ఒకప్పుడు కనీసం దారి ఎక్కడుందో తెలిసిన మనిషి ఊళ్లో ఉండేవాడు. 1984లో కరణాల, పటేల్ పట్వారీల వ్యవస్థ రద్దయింది. ఆ రద్దు న్యాయమే. రికార్డును గుప్పిట్లో పెట్టుకుని ఊళ్లను ఏలినవాళ్లు వాళ్లు. 2020లో తెలంగాణ వీఆర్వోలను కూడా తీసేసింది, ఆ తర్వాత వీఆర్ఏలను వేరే శాఖల్లో సర్దింది, 2025లో మళ్లీ గ్రామ పాలన అధికారులను పెట్టింది. ఇన్ని మార్పుల్లో జారిపోయింది తలారి, కావలికారు లాంటి కింది మనుషుల బుర్రలో ఉన్న పటం. ఏ రాయి ఎక్కడ పాతారో, ఏ వాగు దగ్గర బాట మళ్లుతుందో వాళ్లకు తెలుసు. దాన్ని కాగితం మీద పెట్టే ప్రయత్నం ఏ ప్రభుత్వమూ చేయలేదు.

ఈ విషయంలో ఇంగ్లండ్ నుంచి నేర్చుకోదగ్గది ఉంది. అక్కడ 1949లో గ్రామీణ ప్రాంతాల్లో ప్రజల రాకపోకల మీద ఒక చట్టం తెచ్చారు. పొలాల మీదుగా పోయే ప్రతి కాలిబాటనూ గుర్తించి పటం తయారు చేయమని కౌంటీ కౌన్సిళ్లకు చెప్పారు. క్షేత్రంలో నడిచి బాటలు నమోదు చేసే పని చాలావరకు మన పంచాయతీల్లాంటి పారిష్ కౌన్సిళ్లు చేశాయి. ఒకసారి ఆ పటంలోకి ఎక్కిందంటే దారి ఉన్నట్టే, కోర్టులో వేరే సాక్ష్యం అక్కర్లేదు. ఇంగ్లండ్, వేల్స్ కలిపి ఇప్పుడు సుమారు 2,25,000 కిలోమీటర్ల బాటలు అలా నమోదై ఉన్నాయి. భూమి రైతుదే, నడిచే హక్కు జనానిది. పొలం మధ్యలో పోయే కాలిబాటను రైతు దున్నుకోవచ్చు, కానీ 14 రోజుల్లో మళ్లీ నడిచేలా చేయాలి, కనీసం మీటరు వెడల్పు ఉంచాలి. ఇది 1980 నాటి హైవేల చట్టంలో రాసి ఉంది. వెడల్పు ఎంత, గడువు ఎంత, బాధ్యత ఎవరిది అన్న మూడు ప్రశ్నలకూ అక్కడ జవాబు ఉంది.

అక్కడా అంతా సవ్యంగా లేదు. పటంలోకి ఎక్కని పాత బాటల కోసం 2000లో చేసిన చట్టం 2026 జనవరి 1ని గడువుగా పెట్టింది. ఆలోగా నమోదు కాని హక్కులు పోతాయన్నారు. దరఖాస్తులు కౌన్సిళ్ల దగ్గర గుట్టలుగా పేరుకున్నాయి. గడువును 2031కి జరిపారు. చివరికి 2024 డిసెంబరులో ఆ గడువునే ఎత్తేస్తామని అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. దారికి గడువు పెట్టడం వల్ల నష్టపోయేది ఎవరో వాళ్లకు ఆలస్యంగానైనా అర్థమైంది.

అంత దూరం వద్దనుకుంటే పక్కనే మహారాష్ట్ర ఉంది. 1906 నాటి మామల్తదార్ కోర్టుల చట్టం కింద అక్కడ పొలం దారికి అడ్డం పెడితే ఆరు నెలల్లోగా తహసీల్దారు దగ్గరే దావా వేయొచ్చు, ఆయనే అడ్డు తీయించొచ్చు. 1966 నాటి ల్యాండ్ రెవెన్యూ కోడ్‌లో 143వ సెక్షన్ ఇంకో అడుగు ముందుకు వేసింది. దారి అసలు లేని రైతుకు పక్క పొలాల హద్దుల వెంబడి దారి ఇచ్చే అధికారం తహసీల్దారుకు ఇచ్చింది. మన రెండు రాష్ట్రాల్లో ఇలాంటి సూటి సెక్షన్ ఒక్కటి ఉన్నా ఇప్పుడు సోమవారం వరసల్లో నిలబడుతున్నవాళ్లలో చాలామంది మండలం దాటి రావాల్సిన పని ఉండదు.

ఊరు చేయాల్సిన పని ఏమిటో నాకు స్పష్టంగానే కనిపిస్తోంది. ప్రతి పంచాయతీకి దారుల రిజిస్టరు ఒకటి ఉండాలి. పాత నక్షలో ఉన్నవీ, చుక్కల గీతలూ, కాగితంలో లేని వాడుక బాటలూ అందులోకి రావాలి. ఏడాదికోసారి, కోతలయ్యాక పొలాలు ఖాళీగా ఉన్నప్పుడు, కార్యదర్శీ సర్వేయరూ రైతులతో కలిసి ఆ దారులన్నీ నడవాలి. ఎక్కడ ఎంత వెడల్పు ఉందో రాసి గ్రామసభలో చదవాలి, పంచాయతీ గోడకు అంటించాలి. ఉపాధి హామీలో కూలి వాటా 60 శాతం ఉండాలన్న నిబంధన నడిచిన ఇన్నేళ్లలో పొలం బాటలకు మట్టి పని బోలెడు జరిగింది. మట్టి పోసే ముందు హద్దు కొలిచిన ఊళ్లు ఎన్ని? ఆక్రమించగా మిగిలిన సన్నటి బాట మీదే మొరం పోస్తే ఆక్రమణకు మనమే ముద్ర వేసినట్టు.

సర్పంచే ఆక్రమించి ఉంటే ఏం చేస్తారని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. చాలా ఊళ్లలో డొంక పక్క పెద్ద కమతం ఎవరిదో, పంచాయతీ కుర్చీ ఎవరిదో చూస్తే జవాబు ఒకే ఇంటి దగ్గర ఆగుతుంది. అందుకే పంచాయతీకి అధికారం మాత్రమే ఇస్తే చాలదు, విధి అని రాయాలి. ఫిర్యాదు అందిన 30 రోజుల్లో దారి తెరిపించకపోతే విషయం దానంతటదే ఆర్డీవోకు పోవాలి, జాప్యానికి కార్యదర్శి జవాబు చెప్పాలి. పటం గోడ మీద ఉంటే కూలికి పోయే ఆమె కూడా వేలు పెట్టి చూపించగలదు, ఇక్కడ దారి ఉంది అని.

ఇంకో వైపు మాట కూడా చెప్పాలి. ఎకరమే ఉన్న రైతు పొలం మధ్య నుంచి చుక్కల గీత పోతుంటే, ఆ గీత మీద ఇప్పుడు కోత మిషన్లూ టిప్పర్లూ పోవాలంటే అతనికి నష్టమే. ఎడ్లబండి కాలంలో గీసిన గీత అది. అలాంటి చోట దారిని హద్దు మీదికి మళ్లించి, పోయిన జాగాకు ఆ దారి వాడుకునేవాళ్లూ పంచాయతీ కలిసి పరిహారం ఇవ్వాలి. బలవంతంగా తెరిపించిన దారి రెండో పంటకే మళ్లీ మూసుకుపోతుంది.

ఇదంతా తీరిగ్గా ఆలోచించుకునే సమయం లేదు. ఆంధ్రలో 2020 డిసెంబరు 21న తక్కెళ్లపాడులో మొదలైన రీసర్వే పేర్లు మారినా సాగుతోంది. డ్రోన్లతో, రోవర్లతో కొత్త పటాలు తయారవుతున్నాయి. పట్టాదారులందరికీ నోటీసు వస్తుంది, వచ్చి తమ హద్దు చూసుకుంటారు. డొంక తరఫున నిలబడాల్సిన వీఆర్వోకు పది పనులు. డ్రోన్ ఈనాడు నేల మీద ఉన్నదే చూస్తుంది. పదేళ్ల కింద దున్నేసిన బాట దానికి వరి మడిగానే కనిపిస్తుంది. తెలంగాణలో భూ రికార్డుల పోర్టల్ ధరణి పోయి 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చింది, రిజిస్ట్రేషన్‌కు సర్వే పటం జతచేసే ఏర్పాటు తెచ్చింది. ఆ పటంలో ఈ పొలానికి దారి ఎటు నుంచో చూపించే గీత తప్పనిసరి చేస్తే ఖర్చు ఏమీ ఉండదు. అది లేకుండా చేసే ప్రతి రిజిస్ట్రేషనూ రేపటి తగాదా.

1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టం ప్రకారం సర్వే పూర్తయిందని నోటిఫికేషన్ వచ్చాక అభ్యంతరం ఉన్నవాళ్లు మూడేళ్లలో సివిల్ కోర్టుకు వెళ్లాలి. తర్వాత ఆ రికార్డే ఖాయం. సొంత భూమి అర సెంటు తగ్గినా రైతు కోర్టుకు వెళ్తాడు. డొంక తగ్గితే ఆ మూడేళ్లలో దావా వేయాల్సింది పంచాయతీయే. అందుకు పాత నక్ష నకలు ఇప్పుడే తీసుకుని, కొత్త పటం పక్కన పెట్టి, నోటిఫికేషన్ రాకముందే గ్రామసభలో అభ్యంతరం రాయించాలి. తెలంగాణలో 2025 డిసెంబరులో కొత్త సర్పంచులు ఎన్నికయ్యారు. ఆంధ్రలో రీసర్వే పూర్తికాని ఊళ్లు ఇంకా ఉన్నాయి. నకలు కోసం దరఖాస్తు పెట్టడానికి ఏ జీవో కోసమూ ఎదురుచూడాల్సిన పని లేదు.