నల్లమచ్చ లేదని స్క్రబ్ టైఫస్ కాదనుకోకండి

“స్క్రబ్ టైఫస్ అని కొత్త వైరస్ వచ్చింది. మంచాల్లో నల్లులు కుడితే వస్తుంది. ఒంటి మీద నల్లమచ్చ ఉంటేనే భయం. వైడాల్ పాజిటివ్ వస్తే అది టైఫాయిడే. రోగి దగ్గరికి వెళ్తే అంటుకుంటుంది. మందు లేదు.” వానలు వెనకపట్టి చలి మొదలయ్యే రోజుల్లో వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే సందేశం సారాంశం ఇదీ. అన్నీ తప్పులే. అందులో మచ్చ గురించి, టైఫాయిడ్ కోసం చేసే వైడాల్ రక్తపరీక్ష గురించి చెప్పినవి ప్రాణం మీదికి తెస్తాయి.

ఇది వైరస్ కాదు, ఒరియెన్షియా సుట్సుగముషి అనే బ్యాక్టీరియా. కొత్తదీ కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో అస్సాం, బర్మా అడవుల్లో సైనికులను మంచాన పడేసిన జ్వరం ఇదే.

కుట్టేది మంచంలో ఉండే నల్లి కాదు, చిగ్గర్. పొలం గట్ల మీద, పొదల్లో, ఎలుకలు తిరిగే గడ్డిలో ఉండే మైట్ అనే ఒక రకం చిన్న పురుగుకు ఇది పిల్లదశ. ఆరు కాళ్లు, మిల్లీమీటరులో ఐదో వంతు సైజు. కంటికి ఆనదు, కుట్టినట్టూ తెలియదు. చర్మానికి రెండు మూడు రోజులు అతుక్కుని కణజాల ద్రవం పీలుస్తుంది. పెద్ద పురుగు మనిషి జోలికే రాదు, మట్టిలో కీటకాల గుడ్లు తిని బతుకుతుంది. తల్లి పురుగు నుంచి గుడ్ల ద్వారా పిల్లలకు బ్యాక్టీరియా చేరుతుంది కాబట్టి ఒకసారి రోగం పట్టిన చోటు ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. పరుపులకు మందు కొట్టడం దండగ. గడ్డి మీద నేరుగా కూర్చోకండి, పడుకోకండి, బట్టలు ఆరేయకండి. పొలం నుంచి రాగానే ఒంటి మీది బట్టలు వేడినీళ్లలో వేసి, సబ్బుతో బాగా రుద్దుకుని స్నానం చేయండి. ఇంటి చుట్టూ పొదలు కొట్టేయండి.

ఇక మచ్చ. పురుగు అతుక్కున్న చోట చిన్న పొక్కు లేచి, పుండై, సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పెచ్చు కడుతుంది, చుట్టూ ఎర్రటి అంచు ఉంటుంది. నొప్పి ఉండదు, దురద ఉండదు. అందుకే రోగికే తెలియదు, అడిగితే లేదంటాడు. అడగడం కాదు, బట్టలు తీయించి మంచి వెలుతురులో వెతకాలి: చంకలు, గజ్జలు, మర్మాంగాలు, రొమ్ముల కింద, బొడ్డు, మొలతాడు కట్టే చోటు, మోకాళ్ల వెనుక, చెవుల వెనుక, తలలో. ఆడవాళ్లను నర్సు చూడాలి. చెమట పట్టే మడతల్లో పెచ్చు కట్టక, పసుపుపచ్చని పైపై పుండులా ఉంటుంది, నల్లగా ఉండదు. ఇంత వెతికినా కొన్ని ప్రాంతాల్లో నూటికి పదిమంది రోగుల్లో కూడా మచ్చ దొరకలేదు, కొన్నిచోట్ల తొంభై మందికి పైగా దొరికింది. మచ్చ ఉంటే రోగం దాదాపు ఖాయం. లేకపోతే మాత్రం ఏదీ తేలినట్టు కాదు.

కుట్టిన 6 నుంచి 21 రోజుల్లోపు జ్వరం, విపరీతమైన తలనొప్పి, ఒళ్లునొప్పులు వస్తాయి. పొడిదగ్గు కూడా రావచ్చు. ప్లేట్‌లెట్లు పడిపోతాయి కాబట్టి డెంగీ అనుకుంటారు. డెంగీలో తెల్లరక్తకణాలు సాధారణంగా తగ్గుతాయి, ఇందులో మామూలుగానో ఎక్కువగానో ఉంటాయి. వైడాల్ వేరే జ్వరాల్లోనూ పాజిటివ్ చూపిస్తుంది. దాన్ని నమ్మి టైఫాయిడ్‌కు వాడే సెఫ్ట్రియాక్సోన్ సూదులు, సెలైన్లు ఎక్కిస్తూ వారం గడిపేస్తారు. ఈ బ్యాక్టీరియా మన కణాల లోపల దాక్కుని ఉంటుంది. పైగా ఆ సూదిమందు దెబ్బతీసే గోడ దీనికి సరిగా ఉండదు. అందుకే అది పనిచేయదు. ఆ వారంలోనే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, మెదడు దెబ్బతింటాయి. జ్వరం ఐదు రోజులు దాటితే ఐజీఎం ఎలైసా అనే రక్తపరీక్ష అడగండి. మొదటి రోజుల్లో నెగెటివ్ వచ్చినంత మాత్రాన కొట్టిపారేయలేం. లక్షణాలు కుదిరితే, రిపోర్టు కోసం ఆగకుండా డాక్టర్ మందు మొదలుపెట్టాలి.

మందు లేదనడం పచ్చి అబద్ధం. పెద్దవాళ్లకు డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు, 7 రోజులు. చవక మాత్ర. గర్భిణులకు అజిత్రోమైసిన్ 500 మిల్లీగ్రాములు, రోజుకొకటి, 5 రోజులు. పిల్లలకు బరువును బట్టి. డాక్సీసైక్లిన్ నిండు గ్లాసు నీళ్లతో కూర్చుని వేసుకోవాలి, అరగంట దాకా పడుకోకూడదు, లేకపోతే అన్నవాహికలో పుండు పడుతుంది. పాలతో, ఐరన్ మాత్రలతో, గ్యాస్ మందులతో కలిపి వేసుకుంటే సరిగా ఒంటికి పట్టదు. సాధారణంగా 48 గంటల్లో జ్వరం దిగుతుంది. దిగకపోతే ఇంకేదైనా రోగమా అని చూడాలి. ఆయాసం, మగత, మూత్రం తగ్గడం, కళ్లు పచ్చబడటం కనిపిస్తే ఇంట్లో ఉంచకండి. అంత ముదిరిన వాళ్లకు డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండూ కలిపి నరానికి ఎక్కిస్తే, ఏదో ఒకటి ఇచ్చినదానికన్నా మేలని మన దేశంలోనే జరిగి 2023లో వెలువడిన పరిశోధన తేల్చింది.

మనిషి నుంచి మనిషికి అంటదు. రోగి పక్కన కూర్చోండి, అన్నం తినిపించండి, భయం లేదు.

టీకా లేదు. ఈ బ్యాక్టీరియాలో రకాలు అనేకం కాబట్టి ఒకసారి వచ్చి తగ్గినవాళ్లకూ మళ్లీ రావచ్చు. అలాంటివాళ్లు మళ్లీ జ్వరంతో వెళ్లినప్పుడు పాత సంగతి డాక్టర్‌కు ముందే చెప్పాలి.