గ్రాఫిక్స్ డ్రైవర్ గారికి, ఒక బస్సు డ్రైవర్ కొడుకు రాయునది

మహారాజశ్రీ గ్రాఫిక్స్ డ్రైవర్ గారి సముఖమునకు, కడప నుంచి ఒక ఫ్లెక్సీల డిజైనరు రాసుకునే విన్నపం.

ఉభయకుశలోపరి. ఎండలు తప్పిస్తే ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ తమరూ క్షేమమేనని తలుస్తానని రాయడం ఆనవాయితీ గానీ, రాయలేను. తమరు అక్కడ లేకపోబట్టే ఈ ఉత్తరం. కంప్యూటర్ పరికరాల జాబితా చూపించే డివైస్ మేనేజర్ తెరిస్తే తమరు కూర్చోవాల్సిన సీట్లో పసుప్పచ్చ ముక్కోణం, దాని మీద ఆశ్చర్యార్థకం. ఆశ్చర్యపోవాల్సింది నేను గదా, అదెందుకు ఆశ్చర్యపోతుందో!

మా నాయన కూడా డ్రైవరే, ఆ సంగతి ముందే చెప్పుకోవాలి. ఆర్టీసీలో. కడప–రాయచోటి రూట్లో గువ్వలచెరువు ఘాట్ ఎక్కీ దిగీ రిటైరైనాడు. తొలిరోజు పొద్దున నేను స్క్రీన్ చూసి "నాయనా, డ్రైవర్ పోయినాడు" అని కేకేస్తే, ఆయన పేపరు పక్కన పెట్టి "అయ్యో! ఏ డిపో అబ్బోడా? పిల్లోళ్ళెంతమంది?" అన్నాడు. కంప్యూటర్‌లో బొమ్మలు గీసే చిప్‌ను నడిపే ప్రోగ్రామును కూడా డ్రైవరే అంటారని విడమరిచి చెప్పినాక నవ్వినాడు గానీ, అప్పట్నుంచి తమరంటే ఆయనకు తోటి ఉద్యోగి మీద ఉండే అభిమానం. "ఏ డ్రైవరూ ఉత్తినే డ్యూటీ ఎగ్గొట్టడు. పైన ఏదో రాజకీయం జరిగింటాది" అంటాడు. అది ఎంత నిజమో నాకు నెల తర్వాత గానీ తెలీలేదు.

నా ల్యాప్‌టాప్ 2012లో కొన్నది. ఏ కంపెనీదో చెప్పను, ఊళ్ళో ఉండే తగాదాలు చాలు. రాత్రి బాగానే ఉండె. తెల్లారేసరికి ఏదో అప్‌డేట్ తనంతట తాను వచ్చి, తమర్ని దించేసి పోయింది. తెరిచి చూస్తే ఐకాన్లు ఒక్కోటి అలసంద వడంత. అడ్డం 1366, నిలువు 768 చుక్కలుండే స్క్రీన్ మీద 1024, 768 బొమ్మ సాగి పడుకోనుంది. తమరి సీట్లో బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అనే స్పేర్ డ్రైవర్. ఆయన్ను నేను తిట్టను. ఎవరి బండినైనా షెడ్డులోంచి స్టాండ్ దాకా తెచ్చి పెడతాడు, అంతవరకే ఆయన ఉద్యోగం. వెలుతురు తగ్గించమంటే ఆయనకు చేతకాదు, పక్కన ఇంకో మానిటర్ తగిలిస్తే కనపడదు, వీడియో పెడితే పాపం ప్రాసెసరే ఆయాసపడుతూ లాగాల.

ఆయన్ను నమ్మి పనికి కూర్చోవడం నా తప్పు. ఆ రోజే ఒక అన్న పుట్టినరోజు ఫ్లెక్సీ ఆర్డరు. అన్న ఫోటో స్క్రీన్ మీద పెడితే ముఖం గుమ్మడికాయ మాదిరి కనపడింది. ఫోనులో తీసిన ఫోటో, అట్లే ఉంటాదిలే అనుకోని, ముఖం సరిగ్గా కనపడేదాకా అడ్డంగా నొక్కినాను. అన్ననే కాదు, ఆ చుట్టూ గుండ్రాల్లో ఉండే ఇరవై మంది తమ్ముళ్ళను కూడా వరసబెట్టి నొక్కినాను. ప్రింటుకు పంపినాను. సాయంత్రం ఆ తమ్ముళ్ళలో ఒకడు ఫ్లెక్సీ చుట్ట చంకలో పెట్టుకోనొచ్చి నా టేబుల్ మీద పరిచినాడు. "చూడన్నా. పది దినాలు ఆస్పత్రిలో ఉండి వచ్చినట్టు లేడా అన్న?"

లెక్క అప్పుడు వేసుకున్నాను. 1024ను 1366కు సాగదీస్తే ప్రతిదీ అడ్డంగా మూడో వంతు లావెక్కుతుంది. నా స్క్రీన్ మీద లోకమంతా లావైతే, నేను లోకం మీద పడి దాన్ని ముక్కాలు వంతుకు నొక్కినాను. ప్రింటింగ్ మిషనుకు నా స్క్రీన్ గొడవ ఏం తెలుసు? నేనిచ్చినట్టే వేసింది. డబ్బు నా మీదే పడింది. ఆ ఫ్లెక్సీ మీద మా అమ్మ ఇప్పుడు మిద్దె మీద మిరపకాయలు ఆరబోసుకుంటోంది. అన్న సన్నగా నవ్వుతానే ఉండాడు.

ఇక తమర్ని వెతికే పని. బండిని ఎవరు నడపాలో తెలియాలంటే ముందు బండేదో తెలియాల. ప్రాపర్టీస్‌లో డీటైల్స్‌కు పోయి హార్డ్‌వేర్ ఐడీలు చూడమన్నాడు మా చిన్నాన్న కొడుకు. పీసీఐ అని మొదలై వెన్, డెవ్, సబ్‌సిస్ అని ఒక తోక. అది చూడగానే నాకు దేవుని కడప గుళ్ళో అర్చన గుర్తొచ్చింది. వెన్ అంటే ఇంటిపేరు, అంటే చిప్ చేసిన కంపెనీ; డెవ్ అంటే పేరు, సబ్‌సిస్ అంటే గోత్రం, అంటే ఆ చిప్‌ను తన బండిలో పెట్టుకున్న ల్యాప్‌టాప్ కంపెనీ. ఇంటిపేర్లు భలే ఉన్నాయి. 8086 అంటే ఇంటెల్. 1978లో వాళ్ళు చేసిన ప్రాసెసర్ పేరునే ఇంటి నంబరుగా పెట్టుకున్నారు. 10డీఈ అంటే ఎన్విడియా. 1002 అంటే ఏటీఐ. 2006లో ఏఎండీ ఆ ఇంటిని కొనేసింది, అయినా ఆ పిల్లలు ఈనాటికీ పుట్టింటి నంబరే చెబుతారు. నా దాంట్లో రెండు ఇంటిపేర్లు కనబడినాయి, అంటే బొమ్మలు గీసే చిప్‌లు రెండు: ఒకటి చిన్న చిప్, ఇంకోటి పెద్ద కార్డు. ఏవో చెప్పను, పైన చెప్పిన కారణమే.

పేరూ గోత్రం రాసుకోని ఇంటర్నెట్‌లోకి దిగినాను. తమరి పేరు కొట్టినంత మాత్రాన ఎంతమంది పోగైనారో! పేజీకి ఐదు డౌన్‌లోడ్ బటన్లు, అందులో నాలుగు దొంగవి. ఒక పెద్దమనిషి నా కంప్యూటర్‌ను సోదిస్తానన్నాడు. సోదించి, ముప్పై ఏడు డ్రైవర్లు పాతబడినాయి, డబ్బు కడితే అన్నీ మారుస్తానన్నాడు. కీబోర్డుకు కూడా కొత్త డ్రైవర్ కావాలంట! వాడు పోతా పోతా బ్రౌజర్‌లో రెండు టూల్‌బార్లు పెట్టిపోయినాడు. డ్రైవర్ కోసం పోతే బండిలోకి ఊరి జేబుదొంగలంతా ఎక్కినారు.

దిక్కుతోచక రిపేరు షాపుకు ఎత్తుకుపోయినాను. అప్పటికి పెద్ద కార్డు కోడ్ 43 అంటోంది. ఆ కోడ్‌కు అర్థమేందంటే, "ఈ పరికరం తనకేదో బాగలేదని చెప్పింది, అందుకని ఆపినాం." ఏం బాగలేదో అది చెప్పదు, వీళ్ళు అడగరు. పెండ్లిలో అలిగి విడిదింటి గడప మీద కూర్చున్న మేనమామ నయం, రెండోసారి బతిమాలితే అల్లుడు నమస్కారం పెట్టలేదనైనా చెబుతాడు. షాపాయన చూడకుండానే "చిప్ పోయిందన్నా. గన్ పెట్టి వేడి చేయాల, లేదంటే బోర్డు మార్చాల" అన్నాడు. కడపలో మే నెలలో వేడి చేయడానికి గన్ను దేనికి, మిద్దె మీద మిరపకాయల పక్కన పెడితే చాలదా అని మనసులో అనుకోని తెచ్చేసుకున్నాను. చిప్‌లు నిజంగా పోయే రోజులుంటాయి, కాదనను. కానీ స్పేర్ డ్రైవర్‌తో గంటలకొద్దీ నిలకడగా వెలిగే స్క్రీన్‌ను చూసి, డ్రైవర్ సంగతి తేల్చుకోకుండా బోర్డు మార్చేవాణ్ణి ఏమనాల?

ల్యాప్‌టాప్ కంపెనీ పేజీకి పోతే నా మోడల్‌కు విండోస్ 7, 8 దాకానే తమరున్నారు. నేను వాడే విండోస్ 10 అనే మాటే ఆ పేజీలో లేదు. సరే, చిప్ చేసినవాళ్ళ దగ్గరికే పోదామని వాళ్ళ ప్యాకేజీ దించి నొక్కితే జవాబు: ఈ డ్రైవర్ ఈ కంప్యూటర్‌కు సరిపోతుందని నిర్ధారణ కాలేదు, తయారీదారుని అడగండి. తయారీదారు పేజీలో అడిగితే, మీ మోడల్‌కు సేవలు ముగిసినవి. గోత్రం అడ్డమొచ్చిందని అర్థమైంది. నాకు మండిపోయింది గానీ, ఇక్కడ నాయన తమరి పక్షమే తీసుకున్నాడు. "ఘాట్ డ్యూటీకి మైదానం రూట్లో తిరిగే డ్రైవర్‌ను పంపరు రా. ఏ మలుపులో గేరు మార్చాలో ఆ బండితో తిరిగినోడికే తెలుస్తాది." నిజమే. ఒక బండిలో రెండు చిప్‌లు పెట్టి, ఏది ఎప్పుడు పనిచేయాలో తనకు తోచినట్టు తీగలు కలిపింది ల్యాప్‌టాప్ కంపెనీ. ఆ తీగల సంగతి తెలీని డ్రైవర్ ఎక్కితే స్క్రీన్ నల్లగా కడప బండ మాదిరి ఉండిపోవచ్చు.

అయితే నాయన అడిగిన ఇంకో మాటకు తమరి దగ్గర జవాబుంటే చెప్పండి. "బండి కండిషన్లోనే ఉండాది గదా, మరి డ్రైవర్‌ను ఎందుకు తీసేసినారు?"

పైన రాజకీయమంటే ఇదే. ఎన్విడియా 2010లో తెచ్చిన ఫెర్మి అనే చిప్‌ల తరానికి 2018 ఏప్రిల్ నుంచి కొత్త డ్రైవర్లు ఆపేసింది, ఆ మీదట ఇంకొన్ని నెలలు భద్రత మరమ్మతులు మాత్రం ఇచ్చింది. ఏఎండీ తన పాత తరాన్ని 2015 నవంబరులోనే లెగసీ అనేసింది. లెగసీ! ఇంగ్లీషులో అది తాతలిచ్చిన ఆస్తి, కంప్యూటర్ భాషలో తాతను వసారాలో మంచం వేసి పడుకోబెట్టడం. ఆ తేదీ ముందురోజు రాత్రి ఆ చిప్‌లు ఎట్లున్నాయో మరుసటి పొద్దున కూడా అట్లే ఉన్నాయి. ఒక్క తీగ తెగలేదు. ఆర్టీసీలోనైతే బండి తుక్కుకు పోయినాక డ్రైవర్‌ను ఇంకో బండికి వేస్తారు. మీ కాడ డ్రైవర్‌ను కొత్త బండికి వేసి, నడిచే బండికి తుక్కని పేరు పెడతారు. ఇప్పుడు విండోస్ 10కే 2025 అక్టోబర్ 14న సేవలు ముగిసినాయి, విండోస్ 11 వాళ్ళు నా బండి ప్రాసెసర్‌ను గేటు దగ్గరే ఆపేస్తారు. డ్రైవర్ గొడవ తేలేలోపల డిపోనే మూసేసినారన్నమాట.

విండోస్ వదిలేసి, దాని బదులు వాడుకునే లైనక్స్‌కు పొమ్మన్నాడు మా చిన్నాన్న కొడుకు. పోయినాను, అక్కడ కూడా తమరి గొడవే. లైనక్స్ పుట్టించిన లైనస్ టోర్వాల్డ్స్ అంతటి మనిషి 2012లో ఫిన్లాండ్‌లో అందరి ముందు ఎన్విడియాకు నడివేలు చూపించినాడు. మా ఏడురోడ్ల కూడలిలో కూడా అంత బాహాటంగా ఎవరూ చేయరు. పదేళ్ళ తర్వాత, 2022 మే నెలలో, ఎన్విడియా తన డ్రైవర్‌లో కెర్నెల్ అనే లోపలి భాగం కోడ్‌ను బయటపెట్టింది. సంతోషిద్దామనుకుంటే అది 2018లో వచ్చిన ట్యూరింగ్ తరం నుంచి మాత్రమే. ఇంటి తాళాలు ఇచ్చినారు, కొత్తగా కట్టిన ఇండ్లవి. పాత కార్డులకు నూవో అనే డ్రైవర్ ఉండాది, కంపెనీ కాగితాలు లేకుండా చిప్‌ను గిల్లి గిల్లి చూసి జనం రాసుకున్నది. వాళ్ళకు దండం. కానీ నా ఫ్లెక్సీ సాఫ్ట్‌వేర్ అక్కడ నడవక తిరిగొచ్చినాను.

తమర్ని దొరకబుచ్చుకున్న ఆదివారం సంగతి కూడా తమరికి తెలియాల. ఇంట్లో సంగటి, నాటుకోడి పులుసు. అమ్మ మూడుసార్లు పిలిచింది. నేను ఇంటర్నెట్ తీగ పీకేసి, సేఫ్ మోడ్‌లోకి పోయి, డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ అనే చీపురుతో తమరి పాత అవతారాలన్నీ ఊడ్చేసినాను. తీగ పీకకపోతే ఊడ్చిన గంటలోనే అప్‌డేట్ తన మనిషిని తెచ్చి కూర్చోబెడుతుంది, అనుభవం మీద చెబుతున్నా. తర్వాత కంపెనీ పేజీలో విండోస్ 8 కోసం పెట్టిన పాత ప్యాకేజీ విప్పి, అప్‌డేట్ డ్రైవర్, నేనే ఎంచుకుంటా, హ్యావ్ డిస్క్ అని వరసగా నొక్కి, ఐఎన్ఎఫ్ ఫైలు చూపించినాను. ఆ ఫైలే మీ జాతకం. ఏ గోత్రాలకు తమరు సేవ చేస్తారో అందులో రాసుంటాది.

మొదటిసారి పెద్ద కార్డుకు ముందు వేసి భంగపడినాను. ఈ రెండు చిప్‌ల ఇండ్లలో వండేది కోడలు, వడ్డించేది అత్త. పెద్ద కార్డు ఎంత బాగా బొమ్మ వండినా, స్క్రీన్ దాకా దానికి సొంత దారి లేదు. చిన్న చిప్ చేతిమీదుగానే రావాల. అత్తకు ఒంట్లో బాగలేకపోతే కోడలి వంట వంటింట్లోనే మాడిపోతుంది. రెండోసారి చిన్నదానికి ముందు, పెద్దదానికి తర్వాత. స్క్రీన్ రెండుసార్లు ఆరింది, వెలిగింది. ఐకాన్లు వడల్లోంచి అలసందలైనాయి. మిద్దె మీదికి పోయి ఫ్లెక్సీ ఫోటో తీసుకొచ్చి పెడితే, అన్న నిజంగానే సన్నగా కనపడినాడు. అంత సంతోషం వేసింది. పులుసు అప్పటికి చల్లారిపోయింది.

బుధవారానికి అప్‌డేట్ మళ్ళీ వచ్చి తమర్ని దించేసింది. రోల్ బ్యాక్ నొక్కి తెచ్చుకోని, ఆ అప్‌డేట్‌ను కనపడకుండా దాచే చిన్న పనిముట్టు వెతికి దాచినాను. ఆ పాత ప్యాకేజీని పెన్‌డ్రైవ్‌లో వేసి బీరువాలో, నాయన లైసెన్సూ బ్యాడ్జీ ఉండే డబ్బాలో పెట్టినాను. నాయన చూసి ఏమీ అనలేదు, డబ్బా మూత మాత్రం గట్టిగా నొక్కినాడు.

ఒక్క విషయం మాత్రం ఆయనకు ఇప్పటికీ మింగుడు పడదు. తమరు రెండు సెకన్లు పలక్కపోతే విండోస్ తమర్ని సీట్లోంచి లాగి మళ్ళీ కూర్చోబెడుతుందంట గదా? స్క్రీన్ నల్లబడి మళ్ళీ వచ్చేది అందుకేనంట. "రెండు సెకన్లా? గువ్వలచెరువు ఘాట్లో డ్రైవర్ రెండు సెకన్లు కన్ను మూస్తే మళ్ళీ కూర్చోబెట్టడానికి బండి ఎక్కడుంటాది?" అని నన్ను అడిగినాడు. నన్నెందుకు అడగడం, తమర్నే అడుగుతానని చెప్పినాను. అందుకే ఇంత ఉత్తరం. తమరు కనీసం

క్షమించాల. పై మాట రాస్తుండగా స్క్రీన్ నల్లగైంది. లోపల ఒకటి, రెండు అని లెక్కపెట్టినాను. వచ్చేసింది. ఉత్తరం పోలేదు. జరిగినవన్నీ రాసిపెట్టే ఈవెంట్ వ్యూయర్ తెరిచి చూస్తే 4101 నంబరుతో ఒక ముక్క రాసుంది: డిస్‌ప్లే డ్రైవర్ స్పందించడం ఆపేసి, విజయవంతంగా కోలుకుంది.

తమరి జవాబు అందింది. నాయనకు చదివి వినిపిస్తాను.

ఇట్లు,
తమరి విధేయుడు,
కడప