మహారాజశ్రీ నాలుగో కాలువ గారికి

మహారాజశ్రీ ఎంబీ-2 (డాక్టర్లు నాలుగో కాలువకు పెట్టిన పేరు) గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి అని రాయడం ఆచారం కానీ, కుశలమంతా మీ పక్షానే ఉంది. పై దవడ మొదటి పెద్ద పన్నులో, బుగ్గవైపు ముందరి వేరులో, పెద్ద కాలువ చాటున డెంటిన్ (పంటి లోపలి గట్టి పదార్థం) తెర కప్పుకుని కాపురమున్నారు. మాకు రూట్ కెనాల్ చేసిన డాక్టరు గారు వేళ్లు మూడు కాబట్టి కాలువలూ మూడే అనుకుని, మూడూ తోమి, గట్టా పెర్చా అనే రబ్బరులాంటి పదార్థం కూరి, బిల్లు కట్టించుకున్నారు. ఎక్స్‌రేలో మూడు తెల్లగీతలూ ముచ్చటగా వచ్చాయి. మీరేమో పెద్దాయన వెనక నిలబడి ఫొటోలో పడలేదు.

పోనీ అరుదైనవారా అంటే, సగానికి పైగా అలాంటి పళ్లలో తమరు ఉంటూనే ఉంటారు. జ్యూరిచ్‌లో వాల్టర్ హెస్ అనే ఆయన పీకిన పళ్లలోకి రబ్బరు ఎక్కించి, పైనున్న పన్నును కరిగించి చూపించాడు: లోపల తిన్నని గొట్టాలు లేవు, చీలికలూ అడ్డదారులూ ఉన్నాయి. ఆ బొమ్మలు 1925లోనే ఇంగ్లీషులో అచ్చయ్యాయి. అయినా రద్దీగా ఉన్న సాయంత్రం పూట క్లినిక్కులో మీకోసం వెతికే తీరికెవరికి?

దొరికిన కాలువల్లోనూ మీ వాళ్లకు, అంటే సూక్ష్మజీవులకు, చోటు తక్కువేం కాదు. కాలువ తోమే ఫైలు అనే సన్నని పనిముట్టు ఎంత తిప్పినా గోడల్లో మూడో వంతుకు పైగా దానికి తగలదని మైక్రో సీటీ స్కాన్ కొలతలు చెబుతున్నాయి. అందుకే హైపోక్లోరైట్ అనే సూక్ష్మజీవుల్ని చంపే ద్రావణం పోసి కడిగేది. మరి మీ తలుపే తెరవనప్పుడు ఆ నీళ్లు మీదాకా ఎలా వస్తాయి?

ఇక మీ ఇంట్లో అద్దెకున్న ఎంటరోకాకస్ ఫీకాలిస్ అనే బ్యాక్టీరియా సంగతి. తిండి లేకపోయినా నెలల తరబడి ఓర్చుకుంటుంది. కాల్షియం హైడ్రాక్సైడ్ అనే ఘాటైన క్షార మందు పెడితే మిగతా సూక్ష్మజీవులు చాలావరకు చస్తాయి. ఇది మాత్రం ప్రోటాన్లను లోపలికి తోడుకుని తన పీహెచ్ తాను కాపాడుకుంటుంది, డెంటిన్‌లోని సన్నని నాళికల్లోకి దూరిపోతుంది. అద్దె మాత్రం మేం కడుతున్నాం, ఎముక రూపంలో.

మా వైపు నుంచి మీకు మర్యాదల్లో లోపం రానిచ్చామా? వాపు రాగానే మెడికల్ షాపుకెళ్లి అమాక్సిసిలిన్, మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ మాత్రలు తెచ్చుకుంటాం. నరం తీసేసిన పన్ను లోపల రక్తం పారదు. కాబట్టి మాత్ర చిగురు దాకా వచ్చి, వాపును బుజ్జగించి, మీ గుమ్మం తొక్కకుండానే వెనక్కి పోతుంది. క్యాప్ వేయించుకోమంటే, “నొప్పి పోయిందిగా, పెళ్లిళ్ల సీజన్ అయ్యాక చూద్దాంలే” అంటాం. తాత్కాలిక సిమెంటు అంచున ఉమ్మి ఊరుతూనే ఉంటుంది, కొత్త అద్దెదార్లు దిగుతూనే ఉంటారు. 1995లో రే, ట్రోప్ అనే ఇద్దరు ఎక్స్‌రేలు పరీక్షించి, వేరు కొన ఆరోగ్యం లోపలి నింపుడు కన్నా పైకప్పు మీదే ఎక్కువ ఆధారపడి ఉందన్నారు. తర్వాత వచ్చినవాళ్లు రెండూ ముఖ్యమేనన్నారు. మేం రెండింటికీ సమానంగా దూరం.

“నరమే తీసేశాక ఇంకా జబ్బేమిటి?” అని అడిగే పెద్దమనుషులు మీకు మంచి వకీళ్లు. 1965లో కాకెహాషి, ఆయన సహచరులు సూక్ష్మజీవులే లేకుండా పెంచిన ఎలుకల పళ్లకు కన్నం చేసి, నరం బయటపెట్టి వదిలేశారు. అందులో తిండి ఇరుక్కున్నా ఆ పళ్లు మానాయి. మామూలు ఎలుకల్లో మాత్రం కుళ్లింది. పేచీ నరంతో కాదు, అందులో చేరినవాళ్లతో.

న్యాయంగా ఒక్క మాట. ఎక్స్‌రేలో వేరు కొన దగ్గర కనిపించే ప్రతి నల్లమచ్చకూ మీరు పూచీ కాదు. వేరు నిలువునా చీలి ఉండొచ్చు, తిత్తి కట్టి ఉండొచ్చు, కొలెస్ట్రాల్ స్ఫటికాలు పేరుకుని ఉండొచ్చు. యాక్టినోమైసిస్ అనే బ్యాక్టీరియా వేరు దాటి బయటే మకాం పెట్టి ఉండొచ్చు. చికిత్స అయిన నాలుగు రోజులు నొప్పి ఉండటమూ మామూలే. మచ్చ మెల్లగా తగ్గుతుంటే అది మానుతోందని లెక్క.

మా పంటి కేసు అది కాదు. చిగురు మీద మొటిమంత పొక్కు లేచింది. నొప్పి లేదు, ఎందుకంటే చీము అక్కడినుంచి దారి చేసుకుని పోతోంది. “నొప్పి లేదు కదా, వదిలెయ్” అన్న ఇంటి సలహాను పక్కనపెట్టి, మరో డాక్టరు గారి దగ్గరకు వెళ్లాం. ఆవిడ గట్టా పెర్చా పుల్లనే ఆ పొక్కులోకి దూర్చి ఎక్స్‌రే తీశారు. పుల్ల తిన్నగా తమరున్న వేరు కొనకే వచ్చింది. పంటిని మూడు కొలతల్లో చూపే సీబీసీటీ స్కాన్‌లో మీ నీడ కూడా పడింది.

కాబట్టి ఇదే నోటీసుగా భావించగలరు. పంటి చుట్టూ ఉమ్మి చేరకుండా రబ్బర్ డ్యామ్ అనే తెర వేసి, మైక్రోస్కోపు కింద అల్ట్రాసోనిక్ మొనతో మీ డెంటిన్ తెర గీకిస్తున్నాం. అప్పటికీ రాకపోతే చిగురు పక్కనుంచి వచ్చి వేరు కొన కోయించి, ఎంటీఏ అనే పంటి సిమెంటుతో మూయిస్తాం. క్యాప్‌కు అడ్వాన్సు ఈసారి ముందే కట్టేశాం. ఏడాదికోసారి ఎక్స్‌రే తీయిస్తాం, కావలిస్తే నాలుగేళ్లు.

ఇట్లు,
కుడి పై దవడ ఇంటి ఓనరు

తా.క.: అద్దెదార్లకు విడిగా నోటీసు ఇవ్వడం లేదు. హైపోక్లోరైటే అందజేస్తుంది.