శత్రువు లేని ప్రతిజ్ఞ

2025 మే నెలలో, సరిహద్దు కాల్పుల వార్తలు ఇంకా చల్లారకముందే, శంషాబాద్ వైపున్న కరాచీ బేకరీ శాఖ మీదికి కొందరు కర్రలు పట్టుకుని వెళ్లారు. పాకిస్తాన్ ఊరి పేరు మన గడ్డ మీద బోర్డుకెక్కి ఉండటానికి వీల్లేదని వాళ్ల వాదన. విశాఖలోనూ ఇదే గొడవ జరిగింది. యాజమాన్యం దుకాణాల ముందు మువ్వన్నెల జెండాలు పెట్టి, మేమూ భారతీయులమేనని చెప్పుకోవలసి వచ్చింది. 2019లో పుల్వామా దాడి తర్వాత బెంగళూరు శాఖలో కూడా బోర్డు మీద ‘కరాచీ’ అన్న మాటను గుడ్డ కప్పి దాచారు.

ఆ బేకరీ పెట్టినాయన ఖాన్‌చంద్ రమ్నానీ. దేశ విభజన వల్ల ఇల్లూ వాకిలీ వదిలేసి వచ్చిన సింధీ హిందువు. 1953లో మొజంజాహీ మార్కెట్ దగ్గర దుకాణం తెరిచి, వదిలి వచ్చిన ఊరి పేరే దానికి పెట్టుకున్నాడు. ఇందులో వింతేముంది? మనవాళ్లు కూకట్‌పల్లిలో మెస్ తెరిస్తే భీమవరం అని పెట్టుకుంటారు, డాలస్‌లో హోటల్ పెడితే గుంటూరు అంటారు. మనిషి ఊరు వదులుతాడు గానీ ఊరి పేరు అంత తేలిగ్గా వదలడు. పాకిస్తాన్ ఏర్పడటం వల్ల సర్వం పోగొట్టుకున్న కుటుంబాన్నే పట్టుకుని, నీ దేశభక్తి చూపించు అని మనం నిలదీశామన్నమాట.

హైదరాబాద్ నుంచి ఊరికి వెళ్లే తెలుగువాళ్ల సంచుల్లో ఆ ఫ్రూట్ బిస్కెట్ల డబ్బా ఒకటి ఉండటం రివాజు. బస్సెక్కే ముందు ఫోన్ చేసి మరీ గుర్తు చేసే చిన్నత్తలు ఉంటారు. అమెరికా వెళ్లే పిల్లల సూట్‌కేసుల్లో ఆవకాయకీ కందిపొడికీ మధ్య దాన్ని ఎలాగోలా ఇరికిస్తారు. ఇన్నేళ్లలో ఆ డబ్బా మీద పేరు చదివి ఇంట్లో ఎవరూ ఉలిక్కిపడలేదు. మరి ఒక్క వారంలో అందులో శత్రువు ఎలా కనిపించాడు? ఇంటికి ఆ చూపు ఎక్కడి నుంచి వచ్చింది? నాకు తోచిన జవాబు ఏమిటంటే, ఇంట్లో పెరిగే దేశభక్తికి శత్రువు అవసరం లేదు, తెర మీద ఆడే దేశభక్తికి శత్రువు లేకపోతే గడవదు. ఈమధ్య ఇల్లు తెర దగ్గర పాఠాలు నేర్చుకుంటోంది.

మొదటి రకానికి ఉదాహరణ మనందరికీ కంఠతా వచ్చు. బడిలో రోజూ చెయ్యి చాచి చెప్పిన ప్రతిజ్ఞే అది. రాసింది నల్గొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు. 1962లో విశాఖపట్నంలో జిల్లా ట్రెజరీ అధికారిగా ఉండగా తెలుగులోనే రాశారు. 1965 జనవరి 26 నుంచి దేశమంతటా బడుల్లో చదివించడం మొదలుపెట్టారు. పాఠ్యపుస్తకాల మొదటి పేజీల్లో ప్రతిజ్ఞ అచ్చయ్యేది గానీ, రాసినాయన పేరు మాత్రం చాలాకాలం కనపడలేదు. అది వేరే కథ.

ఆ సంవత్సరం సంగతి ఒకసారి గుర్తు చేసుకోవాలి. 1962 అంటే చైనాతో మనం యుద్ధం చేసి దెబ్బతిన్న ఏడాది. అలాంటి కాలంలో పిల్లల నోట దేశభక్తి పలికించాలని ఒక ప్రభుత్వోద్యోగి కలం పట్టాడు. ప్రతిజ్ఞ మొత్తం మళ్లీ చదివి చూడండి. అందులో శత్రువు లేడు. యుద్ధం లేదు, ఆయుధం లేదు, సరిహద్దు లేదు, రక్తం చిందించడం లేదు. భారతదేశం నా మాతృభూమి అని మొదలై, భారతీయులందరూ నా సహోదరులు అని చెప్పి, తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, పెద్దలు అంటూ ఇంటి చుట్టూ, బడి చుట్టూ తిరుగుతుంది. దేశ వారసత్వం నాకు గర్వకారణం అన్న వెంటనే, దానికి అర్హత పొందడానికి కృషి చేస్తానంటుంది. అంటే పుట్టగానే ఆ అర్హత దానంతటదే రాదని ఆయన ఉద్దేశం. ప్రతివారితోనూ మర్యాదగా నడచుకుంటానన్న వాక్యం ఇంకా కష్టమైనది. ప్రాణమిస్తానని మాట ఇవ్వడం తేలిక, ఆ అవసరం జీవితంలో మనలో చాలామందికి రాదు కాబట్టి. మర్యాదగా ఉంటానన్న మాట మాత్రం పొద్దున పాలవాడితోనే పరీక్షకొస్తుంది.

సినిమాకి ఈ వెసులుబాటు లేదు. దానికి ఇంటర్వెల్ లోపు విలన్ కావాలి. అది తప్పని నేను అనను, హాల్లో ఈలలు వేసినవాళ్లలో నేనూ ఉన్నాను. పాతకాలం సినిమాల్లో ఆ విలన్ తెల్లదొర. 1974లో కృష్ణ నటించిన అల్లూరి కథలోనూ, ఆస్కార్ దాకా వెళ్లిన మొన్నటి సినిమాలోనూ తుపాకీ పట్టింది బ్రిటిష్‌వాడే. దొర మీద ఎంత కోపం తెచ్చుకున్నా వీధిలో ఎవరికీ నష్టం లేదు, మన సందు చివర దొరకి చెందిన కిరాణా కొట్టేమీ లేదు కదా. తొంభైల తర్వాత విలన్ మారాడు. అతనికి పెట్టే గడ్డం, టోపీ, కళ్లకు దిద్దే సుర్మా మన వీధి టైలర్‌కీ ఉంటాయి. బ్యాలెన్స్ చెయ్యడానికి దర్శకులు ఒక మంచి ముస్లిం పాత్ర పెడతారు, క్లైమాక్స్ లోపు అతన్ని దేశం కోసం చంపేస్తారు. అద్దె కట్టుకుంటూ, పిల్లల ఫీజుల గురించి గొణుక్కుంటూ, బతికే ఉన్న మామూలు మనిషిగా అతను తెర మీద కనిపించడం చాలా తక్కువ. హాలు చీకటిలో పుట్టిన కోపం హాల్లోనే ఉండిపోతే ఇబ్బంది లేదు. అది చెప్పులేసుకుని మనతోపాటు ఇంటికొస్తేనే గొడవ.

ఎప్పుడూ ఇలాగే లేదు. ప్రతి ఆగస్టు 15కీ మైకుల్లో మోగే ‘పాడవోయి భారతీయుడా’ సంగతే చూడండి. 1961లో వచ్చిన ‘వెలుగునీడలు’ కోసం శ్రీశ్రీ రాశాడు. మొదటి చరణాలు విజయగీతం. కాసేపటికే పాట ఎదురు తిరిగి మనల్నే తిట్టడం మొదలుపెడుతుంది. సభలు చేసి సంబరపడితే సరిపోదంటుంది, ఆకాశాన్నంటే ధరలు, నిరుద్యోగం, అవినీతి, బంధుప్రీతి, చీకటి బజారు అన్నీ వరసపెట్టి ఏకరువు పెడుతుంది. స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి ఇంకా పద్నాలుగేళ్లు నిండలేదు. ఆ పాటలో విలన్ బయటివాడు కాదు, వింటున్న మనమే. మన ఇళ్లలో ప్రేమ నడిచే తీరు కూడా ఇదే. కొడుకంటే ప్రాణం పెట్టే తల్లి రోజుకు పదిసార్లు వాణ్ని తిడుతుంది, ఆ తిట్లు విని ఆమెకు కొడుకంటే ఇష్టం లేదని ఎవరూ అనుకోరు. ఇవాళ అలాంటి పాట కొత్తగా ఎవరైనా రాస్తే, విడుదలకు ముందు ఎన్ని క్షమాపణలు చెప్పాల్సి వస్తుందో ఊహించవచ్చు.

క్రికెట్ గురించి ఒక్క మాట. 2023 అక్టోబర్ 10న ఉప్పల్ స్టేడియంలో శ్రీలంక పెట్టిన 345 పరుగుల లక్ష్యాన్ని పాకిస్తాన్ ఛేదించింది. ప్రపంచకప్‌లో అదే అతి పెద్ద ఛేదన. ఆ రోజు హైదరాబాద్ జనం రిజ్వాన్ సెంచరీకి చప్పట్లు కొట్టారు. వాళ్లంతా మర్నాడు యథాప్రకారం ఆఫీసులకు వెళ్లారు, దేశానికేమీ కాలేదు.

మళ్లీ 2025 మే నెలకు వస్తాను. పహల్గాంలో ఏప్రిల్ 22న చంపేసిన 26 మందిలో విశాఖ మనిషి ఉన్నాడు, కావలి మనిషి ఉన్నాడు. కాబట్టి తెలుగువాళ్ల కోపం అరువు తెచ్చుకున్నది కాదు. మే 7 తెల్లవారుజామున ఆపరేషన్ సిందూర్ మొదలయ్యాక రెండు మూడు రాత్రులు టీవీ ఛానెళ్లు చేసిన పని మాత్రం వేరు. కరాచీ రేవు ధ్వంసమైపోయిందని కొన్ని ప్రకటించేశాయి. వీడియో గేముల దృశ్యాలు యుద్ధదృశ్యాలుగా ఫోన్లలో తిరిగాయి. వార్తల వెనకాల సైరన్ మోత ఎంత ఎక్కువైందంటే, నిజంగా ప్రమాదం వచ్చినప్పుడు జనం లెక్కచెయ్యకుండా పోతారని, కార్యక్రమాల్లో ఆ శబ్దం వాడొద్దని కేంద్రమే ఛానెళ్లకు చెప్పాల్సి వచ్చింది. అన్నాల వేళ టీవీలో సైరన్ మోగిన ప్రతిసారీ మా అమ్మ కిటికీ వైపు చూసేది. ఆపమంటే ఆపేవాళ్లం, పది నిమిషాలకు మళ్లీ పెట్టేవాళ్లం. ఆ రాత్రుళ్లలో ఏదో సరదా ఉందని ఒప్పుకోవాలి. ఆ సరదా నాకు నచ్చలేదు.

అవే రాత్రులు మరికొన్ని తెలుగు ఇళ్లలో టీవీ పెట్టలేదు. పంజాబ్‌లోనూ, జమ్మూ కశ్మీర్‌లోనూ చదువుకుంటున్న మన పిల్లలు దొరికిన బస్సూ రైలూ పట్టుకుని ఢిల్లీ చేరుతున్నారు. ఆంధ్ర భవన్‌లో, తెలంగాణ భవన్‌లో వాళ్లకు పడకలు వేశారు, కంట్రోల్ రూములు పెట్టారు. ఇక్కడ తల్లిదండ్రులకు ఏ రేవు తగలబడిందన్నది ముఖ్యం కాదు. బయల్దేరావా, ఏమన్నా తిన్నావా, ఫోన్‌లో ఛార్జింగ్ ఉందా, ఇవే ప్రశ్నలు. యుద్ధం నిజంగా తాకిన ఇంటికీ, యుద్ధాన్ని చూస్తూ కూర్చున్న ఇంటికీ ఎంత తేడానో అప్పుడు తెలిసింది. రెండో రకం ఇంట్లోనే కేకలు ఎక్కువ.

శత్రువు లేని సంబరాలు మనకు లేకపోలేదు. జనవరి 26న పరేడ్ చూస్తూ ‘మన శకటం వచ్చిందా’ అని వంటింట్లోంచి అడగని ఇల్లు ఉంటుందా? 2023లో కోనసీమ ప్రభల తీర్థం వెళ్లింది, 2025లో ఏటికొప్పాక బొమ్మలు వెళ్లాయి. లక్క బొమ్మ కర్తవ్యపథ్ మీద వెళ్తుంటే కలిగే సంతోషం ఎవరినీ ఓడించినందుకు వచ్చింది కాదు. జనగణమన దగ్గర మాత్రం ఇంటింటికీ ఒక పద్ధతి. సినిమా హాల్లో నిలబడాలా వద్దా అని 2016 నవంబర్ నుంచి 2018 జనవరి దాకా దేశం సుప్రీంకోర్టు సాక్షిగా తగువులాడింది, చివరికి గీతం వెయ్యాలా వద్దా అన్నది హాలువాళ్ల ఇష్టానికి వదిలేశారు. మా ఇంట్లో ఆ తీర్పులేవీ లేకముందే నాన్న కాఫీ గ్లాసుతో సహా లేచి నిలబడేవారు. అమ్మ పొయ్యి దగ్గర నుంచి కదిలేది కాదు. ఆవిడ దేశభక్తిని నాన్న ఏనాడూ శంకించలేదు, ఉప్మా మాడితే మాత్రం ఊరుకునేవారు కాదు.

ఇక నిజంగా దేశం కోసం మనుషుల్ని పంపే ఇళ్ల సంగతి. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని అందరూ మిలిటరీ మాధవరం అనే అంటారు. ప్రపంచ యుద్ధాల నాటి నుంచీ తరం తర్వాత తరం సైన్యంలోకి వెళ్తున్న ఊరది. శ్రీకాకుళం, ప్రకాశం పల్లెల్లోనూ అలాంటి ఇళ్లు బోలెడు. మన సినిమాల్లో సైనికుడి భార్య రెండు సీన్లలో కనిపిస్తుంది. ఒకటి రైల్వే స్టేషన్‌లో వీడ్కోలు, రెండోది జెండా కప్పిన పెట్టె దగ్గర. ఆ రెంటికీ మధ్య పదిహేనేళ్లు ఆమె ఏం చేసిందన్నది కథకు అక్కర్లేదు. అత్తగారికి కంటి ఆపరేషన్ చేయించింది. పక్క పొలం వాడు గట్టు జరిపితే సర్వేయర్ చుట్టూ తిరిగింది. పిల్లాడి టీసీ కోసం బడికి, పాస్ పుస్తకం కోసం తహసీల్దార్ ఆఫీసుకి వెళ్లింది. భర్త ఫోన్ చేస్తే మాత్రం అన్నీ బాగానే ఉన్నాయని చెప్పింది, అక్కడ ఆయనకు టెన్షన్ ఎందుకని. సెలవు మీద వచ్చిన మనిషి నెలరోజులు ఇంట్లో చుట్టంలా ఉండి, అలవాటు పడేసరికి మళ్లీ పెట్టె సర్దుకుంటాడు. పోయినవాళ్ల ఇంటికి మంత్రులొస్తారు, కెమెరాలొస్తాయి. బతికున్నవాడి భార్య తహసీల్దార్ ఆఫీసులో నిలబడితే కుర్చీ వేసేవాళ్లు కనపడరు.

2022 జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్‌లో జరిగింది మన తెరకు ఎందుకు ఎక్కలేదో నాకు ఇక్కడే అర్థమవుతుంది. రైలు పెట్టెలు తగలబెట్టినవాళ్లు సైన్యంలో చేరాలని రోజూ తెల్లవారకముందే రోడ్ల మీద పరుగులు పెట్టిన పిల్లలు. పోలీసు కాల్పుల్లో వరంగల్ వైపు కుర్రాడొకడు చనిపోయాడు. వాళ్లను విలన్లనాలా, హీరోలనాలా? కొలతలు కుదరలేదు, అందుకే వదిలేశాం. వాళ్ల గొడవ సైన్యంలో చేర్చుకోవడానికి కేంద్రం అప్పుడే ప్రకటించిన కొత్త పథకం అగ్నిపథ్ మీద. పదిహేడున్నర నుంచి ఇరవై ఒక్క ఏళ్ల లోపు వాళ్లను తీసుకుంటామని అప్పుడు ప్రకటించారు, ఆ ఒక్క ఏడాదికి 23 దాకా సడలించారు. నాలుగేళ్ల సర్వీసు. ఆ తర్వాత నూటికి 25 మంది వరకే కొనసాగుతారు, మిగతావాళ్లు దాదాపు 11.71 లక్షల సేవానిధి తీసుకుని బయటికి వస్తారు. పెన్షన్ లేదు. ఈ పథకం మంచిదా చెడ్డదా అన్నది సైనిక నిపుణులు తేల్చుకోవలసిన విషయం, నేను మాట్లాడేది ఇంటి లెక్క.

సైన్యంలో తొలి బ్యాచ్ శిక్షణ మొదలైంది 2023 జనవరిలో. ఆ లెక్కన 2026 చివరికి వాళ్ల నాలుగేళ్లు నిండుతాయి. ఇరవై రెండు నుంచి ఇరవై ఏడేళ్ల దాకా వయసున్న కుర్రాళ్లు ట్రంకు పెట్టెతో ఊళ్లలో దిగుతారు. పెళ్లిచూపుల్లో అబ్బాయి ఏం చేస్తుంటాడని అడిగితే ‘మిలిటరీలో చేసి వచ్చాడు’ అనాలి. ఇప్పుడేం చేస్తున్నాడన్నది వెంటనే వచ్చే రెండో ప్రశ్న. దానికి మేనమామ ఏం జవాబు చెబుతాడు, అమ్మాయి తండ్రి ఏమంటాడు, కాఫీ పట్టుకొచ్చిన అమ్మాయి ఏమనుకుంటుంది? ఇందులో బాంబులు లేవు, సరిహద్దు లేదు. ఈ కథ మీద డబ్బు పెట్టే నిర్మాత ఎవరైనా దొరికితే మొదటి రోజు మొదటి ఆటకే వెళ్తాను.