డ్రాఫ్ట్‌లో ఆర్సెనల్: సాకా తర్వాత ఎవరు?

ఇది 2025 ఆగస్టులో, కొత్త సీజన్‌కు ముందు రాసిన లెక్క. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ పోటీ అయిన ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్ 2025–26 సీజన్ ఆగస్టు 15న మొదలవుతోంది. తొలి పోటీ మనకు అర్ధరాత్రి దాటాక పన్నెండున్నరకు పడుతుంది కాబట్టి భీమవరం, అమలాపురం, తణుకు కుర్రాళ్ళ వాట్సాప్ గ్రూపులు తమ ఫాంటసీ డ్రాఫ్ట్‌లను ఈ వారాంతంలోనే ముగించుకోవాలి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను ఆంధ్రప్రదేశ్ 2020లోనే చట్ట సవరణతో నిషేధించింది గనుక ఇక్కడ మాట్లాడుతున్నది ఉచితంగా ఆడుకునే అధికారిక ఫాంటసీ ప్రీమియర్ లీగ్ గురించే; అందులో నిజమైన ఆటగాళ్ళతో కాగితం మీద జట్టు కట్టుకుంటాం, మైదానంలో వాళ్ళు చేసినదాన్ని బట్టి మనకు పాయింట్లు వస్తాయి. సంక్రాంతికి బరుల దగ్గర కోట్లు చేతులు మారే నేల మీద పైసా పందెం లేని ఆటకు ఇంత పట్టుదల పుట్టడం చూడ ముచ్చటగానే ఉంది.

మామూలు ఫాంటసీలో పది కోట్ల పౌండ్ల బడ్జెట్‌కు లోబడి ఎవరైనా ఎవరినైనా కొనుక్కోవచ్చు; లండన్ క్లబ్ ఆర్సెనల్ కుడివైపు దాడి ఆటగాడు సాకా ఒకే గ్రూపులో పదిమంది జట్లలోనూ ఉండవచ్చు. డ్రాఫ్ట్‌లో ధరలు లేవు, కెప్టెన్ లేడు, ఒక ఆటగాడు ఒక్కరికే దక్కుతాడు. ఎంపిక వరుస పాములా మెలికలు తిరుగుతుంది. దాళ్వాకు నీరు చాలనప్పుడు కాలువల మీద పెట్టే వంతుల పద్ధతి తెలిసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది, కాకపోతే ఇక్కడ శివారు రైతుకు ఒక ఊరట ఉంది: ఎనిమిది మంది ఆడే లీగ్‌లో మొదటి వంతువాడికి మళ్ళీ పదహారో ఎంపికలో గాని అవకాశం రాదు, చివరివాడికి మాత్రం ఎనిమిదో, తొమ్మిదో ఎంపికలు వరసగా వస్తాయి. అందువల్ల ఒక ఆటగాడు ఏడాదిలో ఎన్ని పాయింట్లు తెస్తాడన్నది సగం ప్రశ్నే. ఇప్పుడు అతణ్ణి వదిలేస్తే, మళ్ళీ మన వంతు వచ్చేసరికి అదే స్థానంలో ఎంతటివాడు మిగులుతాడన్నది మిగతా సగం. ఆర్సెనల్ జట్టును ఈ రెండో సగంతో కొలిస్తే పేరున్నవాళ్ళ వరుస బాగా తారుమారవుతుంది.

ముందు జట్టు లెక్క చూద్దాం. 2023–24లో ఆర్సెనల్ 91 గోల్స్ చేసి ప్రత్యర్థులకు 29 ఇచ్చింది. 2024–25లో చేసినవి 69, ఇచ్చినవి 34. రెండుసార్లూ రెండో స్థానమే దక్కింది. రెండుసార్లూ లీగ్‌లో అతి తక్కువ గోల్స్ ఇచ్చిన జట్టు అదే. గాయాలు వరుసగా వేధించిన ఏడాదిలో దాడి 22 గోల్స్ కోల్పోతే రక్షణ కోల్పోయింది అయిదు మాత్రమే. సాకా డిసెంబరులో తొడ కండరం పట్టేసి ఏప్రిల్ దాకా ఆడలేదు, హావెర్ట్జ్ ఫిబ్రవరిలో దుబాయ్ శిబిరంలో అలాగే దెబ్బతిన్నాడు, గాబ్రియెల్ జెసుస్ మోకాలు జనవరిలో పోయింది, ఒడెగార్డ్ చీలమండ అంతకు ముందే సెప్టెంబరులో దేశం తరఫున ఆడుతూ బెణికింది. ఇన్ని జరిగినా వెనక వరుస పట్టు సడలలేదు. డ్రాఫ్ట్‌లో నమ్మదగినది ఏదని అడిగితే నా సమాధానం అక్కడే మొదలవుతుంది.

నిమిషాల విషయం కూడా అంతే. 2023–24లో వెనక వరుస ఆటగాడు సలీబా 38 పోటీల్లోనూ ప్రతి నిమిషం ఆడాడు. అరవై నిమిషాలు దాటితే వచ్చే రెండేసి పాయింట్లు 76, జట్టు గోల్ ఇవ్వని 18 పోటీలకు నాలుగేసి చొప్పున 72, మొత్తం 148. రెండేసి గోల్స్ ఇచ్చినప్పుడల్లా పోయే ఒక్కో పాయింటును తీసేసినా, అతను బంతిని గోల్‌లోకి కొట్టినా కొట్టకపోయినా ఈ ఆదాయం స్థిరం. కోచ్ ఆర్తేతా దాడి వరుసలో ఇలాంటి స్థిరత్వం సాకాకు తప్ప మరొకరికి లేదు. ట్రోసార్డ్ అదే ఏడాది లీగ్‌లో 12 గోల్స్ చేశాడు, కాని చాలాసార్లు బెంచ్ మీది నుంచి వచ్చినవాడు. అరవై నిమిషాలు నిండకపోతే హాజరుకు ఒక్క పాయింటే. మార్టినెల్లి అతనితో ఎడమవైపు స్థానం పంచుకుంటాడు. వీరిలో ఒకరిని తీసుకున్నవారు ప్రతి శనివారం జట్టు ప్రకటన వచ్చేదాకా ఫోన్ పట్టుకుని కూర్చోవలసిందే.

కాబట్టి మొదట సాకా. ఇందులో వాదన లేదు. 2023–24లో 16 గోల్స్, 9 అసిస్టులు (సహచరుడి గోల్‌కు దారితీసిన పాస్‌లు) చేశాడు; ఆరోగ్యంగా ఉంటే పెనాల్టీలు ప్రధానంగా అతనివే, కుడివైపు కార్నర్లు అతనివే. కొత్తగా వచ్చిన మదుయెకే అతనికి అప్పుడప్పుడు విశ్రాంతి ఇస్తాడనే భయం కొంత ఉన్నా, మొదటి ఎనిమిది ఎంపికల్లో సాకా ఉండి తీరాలి.

రెండో పేరుగా నేను చెప్పేది గాబ్రియెల్; అంటే జెసుస్ కాదు, వెనక వరుస మధ్యలో ఆడే సెంటర్ బ్యాక్ గాబ్రియెల్ మగాల్యాయిస్. ఎందుకో తెలియాలంటే ఆర్సెనల్ కార్నర్ ఒకటి శ్రద్ధగా చూడాలి. కుడివైపు జెండా దగ్గర సాకా ఎడమకాలికి బంతి సర్దుకుంటుంటే, తెల్ల గీతల మధ్య ఉండవలసిన అయిదారుగురు ఆ చివరి గోల్‌స్తంభం అవతల గుంపుగా నిలబడతారు. డిఫెండర్ బెన్ వైట్ లాంటి ఒకడు గోల్‌కీపర్‌ను ఆనుకుని దారి ఇరుకు చేస్తాడు. సాకా పరుగు అందుకోగానే గుంపు ఒక్కసారిగా గోల్ ముందుకు కదులుతుంది, దాని వెనక నుంచి గాబ్రియెల్ ఎవరూ పట్టుకోని వేగంతో దూసుకొచ్చి తల ఆనిస్తాడు. 2024 సెప్టెంబరులో టోటెన్‌హామ్ మీద గెలిపించిన గోల్, వారం తర్వాత మాంచెస్టర్ సిటీ మీద కొట్టిన గోల్, రెండూ సాకా కార్నర్ల నుంచే వచ్చాయి. ఈ కసరత్తుకు రూపం ఇచ్చిన శిక్షకుడు నికొలాస్ జోవెర్; 2023–24లో జట్టు కార్నర్ల నుంచే 16 గోల్స్ సాధించింది. డిఫెండర్ గోల్‌కు ఆరు పాయింట్లు, ఫార్వర్డ్ గోల్‌కు నాలుగే అన్నది గుర్తుంచుకుంటే, ఏడాదికి మూడు నాలుగు గోల్స్ చేసే డిఫెండర్ విలువ ఎంతో తేలికగా తెలుస్తుంది. ఏప్రిల్‌లో అతనికి తొడ కండరం దెబ్బతిన్న మాట నిజమే. రెండో రౌండు చివర దాకా ఆగడానికి ఆ ఒక్క కారణం చాలు, మానేయడానికి చాలదు.

ఈ ఏడాది కొత్తగా వచ్చిన రక్షణ పాయింట్ల సంగతి ఇక్కడే చెప్పాలి. ఒక పోటీలో క్లియరెన్సులు, బ్లాకులు, ఇంటర్‌సెప్షన్లు, ట్యాకిళ్ళు కలిపి పది చేసిన డిఫెండర్‌కు రెండు పాయింట్లు వస్తాయి. మిడ్‌ఫీల్డర్లకు, ఫార్వర్డ్‌లకు బంతిని తిరిగి చేజిక్కించుకోవడం కూడా కలుపుతారు, గీత పన్నెండు దగ్గర ఉంటుంది. దీనివల్ల ఆర్సెనల్ డిఫెండర్ల విలువ ఆకాశానికి లేస్తుందని కొందరు అంటున్నారు, అది తొందరపాటు. బంతి ఎక్కువసేపు తమ దగ్గరే ఉంచుకునే జట్టు వెనక వరుసకు పని తక్కువ; ఈ నియమంతో పంట పండేది ఎవర్టన్ డిఫెండర్ టార్కోవ్స్కీ లాంటివారికి. ఆర్సెనల్‌లో నిజంగా లాభపడేవాడు డెక్లన్ రైస్. మైదానం మధ్యలో బంతి గుంజుకోవడం అతని వృత్తి, ఎడమవైపు కార్నర్లు అతనివి, 2023–24లో 7 గోల్స్, 8 అసిస్టులు కూడా చేశాడు. కొత్త మిడ్‌ఫీల్డర్ జుబిమెండి వచ్చి వెనక కాపలా చూసుకుంటే రైస్ ఇంకాస్త ముందుకు వెళతాడు. నాలుగో రౌండులో అతను మిగిలి ఉంటే ఆలోచించనక్కరలేదు.

ఇక ఒడెగార్డ్. కెప్టెన్, చూడటానికి జట్టులోకెల్లా అందమైన ఆటగాడు. అతణ్ణి ఆరో రౌండుకు నెట్టమంటే మన గ్రూపుల్లో 'అంత పేరున్నోణ్ణి వదిలేత్తావేంట్రా!' అనే గోల తప్పదు. కాని కిందటి సీజన్‌లో అతనికి లీగ్‌లో దక్కినవి 3 గోల్స్, 8 అసిస్టులు. ఎనిమిది మంది లీగ్‌లో ఎంపికయ్యే మిడ్‌ఫీల్డర్లు 40 మంది. మైదానం అంచుల్లో, అంటే వింగ్‌లలో, దాడి చేసే దాదాపు ప్రతివాణ్ణీ ఈ ఆట మిడ్‌ఫీల్డర్‌గానే లెక్కిస్తుంది కాబట్టి ఆ స్థాయి పాయింట్లు తెచ్చేవారికి అక్కడ కొరత లేదు.

కొరత ఉన్నది ఫార్వర్డ్‌లకు. ఎనిమిది జట్లకు మూడేసి చొప్పున 24 మంది కావాలి, ఇరవై క్లబ్బుల్లో చాలావరకు ఒక్క సెంటర్ ఫార్వర్డ్‌తోనే ఆడతాయి. వారం వారం మొదటి నుంచి ఆడే ఫార్వర్డ్ అందరికీ సరిపడా ఉండడు. అందుకే ఆర్సెనల్ కొత్త ఫార్వర్డ్ గ్యోకెరెస్ గురించి నాకు అనుమానాలు ఉన్నా రెండో రౌండు చివర, మూడో రౌండు మొదట అతణ్ణి తీసుకోవడాన్ని తప్పుపట్టను. స్పోర్టింగ్ తరఫున కిందటి సీజన్ పోర్చుగల్ లీగ్‌లో 39 గోల్స్ చేసినవాడు. అయితే బెన్ఫికా తరఫున అదే లీగ్‌లో 26 చేసి వచ్చిన డార్విన్ నూనెజ్‌కు లివర్‌పూల్‌లో తొలి ఏడాది లీగ్‌లో దక్కినవి 9. గ్యోకెరెస్‌కు అనుకూలం ఏమిటంటే కోవెంట్రీలో ఆడుతూ ఇంగ్లండ్ రెండో అంచెలో 2022–23లోనే 21 గోల్స్ చేసి ఉన్నాడు, అక్కడి తోపులాట అతనికి కొత్త కాదు. హావెర్ట్జ్ మాత్రం ఇప్పుడు అతని వెనక వరుసలోవాడు. పైగా 2023–24లో 13 గోల్స్ చేసినప్పుడు అతను మిడ్‌ఫీల్డర్‌గా నమోదై ఉన్నాడు, వాటికి 65 పాయింట్లు వచ్చాయి. ఫార్వర్డ్‌గా నమోదైతే అవే గోల్స్‌కు 52.

గోల్‌కీపర్ రాయా 2023–24లో 16, తర్వాతి ఏడాది 13 క్లీన్ షీట్లతో (గోల్ ఇవ్వని పోటీలతో), అవి ఎక్కువున్న కీపర్‌కు ఇచ్చే బంగారు గ్లవ్ అందుకున్నాడు, రెండోసారి నాటింగ్‌హామ్ ఫారెస్ట్ కీపర్ సెల్స్‌తో పంచుకున్నాడు. అయినా తొందర వద్దు. అతని మీదికి వచ్చే షాట్లు తక్కువ కాబట్టి మూడు సేవ్‌లకు ఒకటిగా వచ్చే పాయింట్లూ తక్కువే. చిన్న జట్ల కీపర్లు ఆ తేడాను చాలావరకు పూడ్చుకుంటారు. సలీబాను అయిదో రౌండులో తీసుకున్నవారికి అదే రక్షణ గోడ ఎలాగూ దక్కుతుంది. పక్కల ఆడే డిఫెండర్లయిన ఫుల్‌బ్యాక్‌ల జోలికి, అంటే టింబర్, వైట్, కలఫియోరి, లూయిస్-స్కెల్లీల జోలికి, ఎవరు స్థిరంగా ఆడతారో తేలేదాకా పోకపోవడమే మంచిది.

చివరి రౌండ్లకు మెరీనో పేరు రాసుకోండి. ఫార్వర్డ్‌లందరూ దెబ్బతిన్న ఫిబ్రవరిలో లెస్టర్ మీద బెంచ్ మీది నుంచి సెంటర్ ఫార్వర్డ్‌గా వచ్చి రెండు గోల్స్ కొట్టినా ఫాంటసీ లెక్కలో అతను మిడ్‌ఫీల్డరే, అంటే గోల్‌కు అయిదు. గ్యోకెరెస్ ఎప్పుడైనా కుంటుతూ మైదానం దాటితే, ఎవరూ తీసుకోని ఆటగాళ్ళను కోరుకునే, ఆ వారం గడువుకు 24 గంటల ముందే ముగిసే వేవర్ జాబితాలో మెరీనో కోసం నలుగురు పోటీ పడతారు, మొదటి వంతు పట్టికలో అడుగునున్నవాడికే వస్తుంది.