డ్రెడ్జ్ అతుకుల బొంతేం కాదు

"చేపలు పట్టే ఆట, దయ్యాల ఆట, సరుకు సర్దే పజిల్, మూడూ కలిపి కుట్టిన అతుకుల బొంత. వేట పిల్లలాట, సర్దుడు టైమ్ వేస్ట్, భయం ఉత్తుత్తిది, పైగా పది గంటల్లో అయిపోతుంది." డ్రెడ్జ్ గురించి హైదరాబాద్ గేమర్లలో ఈ మాట బాగా తిరుగుతోంది. అమీర్‌పేట గేమింగ్ కేఫ్‌లో విన్నా ఇదే, మాదాపూర్ ఆఫీసు క్యాంటీన్‌లో విన్నా ఇదే. చాలామంది మొదటి గంట కూడా ఆడకుండానే ఫార్వర్డ్ చేస్తున్నారని నా అనుమానం.

ఆట ఇదీ: న్యూజిలాండ్‌లోని బ్లాక్ సాల్ట్ గేమ్స్ అనే చిన్న టీమ్ చేసింది, 2023 మార్చిలో వచ్చింది. పడవ పగిలి గ్రేటర్ మారో అనే ఊరు చేరిన జాలరి మనం. ఊరి మేయర్ ఇంకో పడవ ఇస్తారు, అప్పు మీద.

వేట తేలికే. సరైన క్షణంలో బటన్ నొక్కాలి, అంతే. కానీ గురి తప్పితే చేప పోదు, టైమ్ పోతుంది. ఈ ఆటలో గడియారం పడవ నడుస్తున్నప్పుడో, ఏదైనా పని చేస్తున్నప్పుడో మాత్రమే కదులుతుంది. ఊరికే ఆగి చూస్తుంటే పొద్దు కూడా ఆగిపోతుంది. అంటే ప్రతి చేపకీ కొంత పగటి వెలుగు ఖర్చవుతుంది. చీకటి పడేలోపు రేవు చేరాలి, కానీ కొన్ని రకాలు రాత్రే దొరుకుతాయి. "ఇంకొక్కటి" అనే ఆశలోంచే భయం పుడుతుంది. వేటనీ భయాన్నీ విడదీసి మార్కులు వేస్తే ఈ సంగతి కనపడదు.

సర్దుడు మాటకొస్తే నాకు నిజంగా కోపం వస్తుంది. పడవ అడుగున గళ్లుంటాయి, ఒక్కో చేపది ఒక్కో ఆకారం. వంకర చేపని తిప్పి తిప్పి ఇరికించడం సరదాగానే ఉంటుంది. కానీ పడవ బండకి కొడితే దెబ్బతినేది ఆ గళ్లే. అక్కడున్న చేప నీళ్లపాలు, బాగు చేయించేదాకా ఆ గడి వాడటానికి లేదు. మన ప్రాణమూ సంచీ ఒకటే అన్నమాట. పైగా రోజులు గడిచేకొద్దీ చేప వాడిపోతుంది, ధర పడిపోతుంది. మృగశిర కార్తె నాడు రాంనగర్ మార్కెట్‌లో మొప్పలెత్తి చూసి బేరమాడిన వాళ్లకి ఈ లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు. ఎక్కువ నింపుకుని దూరం పోవాలా, తక్కువతో త్వరగా తిరిగి రావాలా? రాత్రుళ్లు ఈ టెన్షన్ రాక్షసుల కంటే ఎక్కువ పనిచేస్తుంది.

భయం ఉత్తుత్తిదే అనేవాళ్లు ఆటలో జాలరిని నిద్రపోనివ్వకుండా రాత్రంతా తిప్పి చూడాలి. జాలరి బెదురుని చూపించే కన్ను తెర మీద అటూ ఇటూ కొట్టుకుంటుంది, అప్పటిదాకా లేని బండలు ముందు లేస్తాయి. మనసు కల్పించినవే కదా అని గుద్దితే పడవకి నిజంగానే దెబ్బ. కాకులొచ్చి పట్టిన చేపల్ని ఎత్తుకుపోతాయి. అయితే పెద్ద ఇంజిన్లు బిగించాక వెంటపడేవాటిని సులువుగా దాటేస్తాం, చివరి భాగంలో భయం పలచబడుతుంది. ఆ ఫిర్యాదు చేసుంటే నేనూ సంతకం పెట్టేవాణ్ని.

పది గంటలు చాలవనే మాటకి జవాబు చిన్నదే. కథ అయిపోయాక కూడా అవే పనులు చేయిస్తూ యాభై గంటలు సాగదీసే ఆటలు మనకి తక్కువేం లేవు.

ఇక అసలు ఆరోపణ, అతుకుల బొంత. దీన్ని ఎవరైనా ఇంట్లో పరీక్షించుకోవచ్చు. విడుదలయ్యాక ఆటలో ప్యాసివ్ మోడ్ చేర్చారు. అది పెడితే రాక్షసులు మన జోలికి రావు. మూడూ వేర్వేరు ముక్కలే అయితే, ఒకదాని కోర తీసేసినా మిగతా రెండూ చెక్కుచెదరకూడదు. పెట్టి ఆడండి. రేవుకి పరుగెత్తే తొందర పోతుంది, గళ్ల మీద బెంగ తగ్గుతుంది, వేట అచ్చం వాళ్లు చెప్పిన పిల్లలాటలాగే ఉంటుంది.