ముద్దాయి స్టైరీన్ హాజరు!

విశాఖపట్నం శివార్లలోని ఆర్.ఆర్. వెంకటాపురంలో 2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకు నుంచి విషవాయువు లీకై 12 మందిని బలిగొన్న దుర్ఘటనకు బాధ్యులెవరో తేల్చడానికి అన్ని కమిటీలు ఎందుకు వేశారో నాకు ఇప్పటికీ బోధపడదు. చేసింది ప్లాస్టిక్ తయారీకి వాడే స్టైరీన్ అనే రసాయనం కదా! దాన్నే బోనెక్కిస్తే సరిపోయేది.

అభియోగాలు గట్టివే. మొదటిది చట్ట ధిక్కారం. భోపాల్ తర్వాత 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం, 1989లో ప్రమాదకర రసాయనాల నిబంధనలు వచ్చాయి. మూడు దశాబ్దాలు గడిచినా సదరు రసాయనం వాటిలో ఒక్క పేజీ తిరగేసిన దాఖలా లేదు. రెండోది క్రమశిక్షణారాహిత్యం. 20 డిగ్రీల లోపు చల్లగా ఉంచితే బుద్ధిగా పడి ఉండే ఈ సరుకు, లాక్‌డౌన్‌లో ఫ్యాక్టరీ మూతపడి ఆలనాపాలనా తగ్గేసరికి, అణువుకు అణువు గొలుసుకట్టుగా అతుక్కుంటూ, అలా పుట్టిన వేడికి మరింత ఉరకలేస్తూ, చివరికి ట్యాంకులో ఇమడలేక ఆవిరై వీధిన పడింది. గొలుసు కట్టకుండా ఆపే నిరోధకం చాలినంత లేదనీ, వేడిని కొలిచే సాధనం ట్యాంకు అడుగున మాత్రమే ఉందనీ ప్రభుత్వ ఉన్నతస్థాయి కమిటీ తేల్చిన మాట నిజమే. కానీ అడుగున కొలుస్తారని తెలిసి కూడా పైన వేడెక్కడం కుట్ర కాక మరేమిటి?

మూడోది, అర్ధరాత్రి దాటాక ఇళ్లలో చొరబాటు. గాలికంటే మూడు రెట్లకు పైగా బరువు గనుక ఈ ఆవిరి ఆకాశానికి పోక నేలబారున పాకింది. కళ్లు మండాయి, గొంతు పట్టేసింది. ఊపిరితిత్తుల్లోంచి నెత్తురులోకి, అక్కడినుంచి మెదడుకు చేరి మగత కమ్మించింది. ప్రాణం దక్కించుకోవడానికి పరుగెత్తినవాళ్లు రొప్పుతూ ఇంకా ఎక్కువ పీల్చి రోడ్డు మీదే కుప్పకూలారు. పశువులు చచ్చాయి, చుట్టుపక్కల చెట్ల ఆకులు రంగు మారాయి. ఫ్యాక్టరీ పక్కన ఇల్లు ఎందుకు కట్టుకున్నారని ఊరివాళ్లను అడిగిన పెద్దమనుషులు, ఆవులను, చెట్లను ఎందుకు విడిచిపెట్టారో తెలియదు.

నాలుగోది అన్నింటికంటే ఘోరం: సాక్ష్యాల ధ్వంసం. ఒంట్లో చేరిన స్టైరీన్‌ను కాలేయం స్టైరీన్ ఆక్సైడ్‌గా మారుస్తుంది. ఇది కణంలోని డీఎన్‌ఏను కూడా పట్టి పీడించగల రకం. ఆపైన అందులో అధికభాగం మాండెలిక్ ఆమ్లం వంటివాటిగా మారి కొద్ది రోజుల్లోనే మూత్రంలో వెళ్లిపోతుంది. మనిషికి క్యాన్సర్ తెచ్చే అవకాశం గట్టిగా ఉన్నవాటి వర్గంలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2018లోనే దీన్ని చేర్చింది. అయితేనేం, పదేళ్ల తర్వాత ఏ జబ్బో పైకి తేలితే అది ఆ రాత్రి చలవేనని రోగి దేన్ని చూపించి నిరూపిస్తాడు?

ఇంత అరాచకంలోనూ మర్యాద తప్పనిది సైరన్ ఒక్కటే. ఆవరణలో 36 చోట్ల నుంచి మోగించే వీలున్నా, నిద్రపోయేవాళ్లకు భంగం కలగరాదనుకుందో ఏమో, మోగలేదు.

ఇక శిక్ష సంగతి. ట్యాంకుల్లో మిగిలిన దాదాపు 13,000 టన్నుల ముద్దాయిని ఓడలెక్కించి దక్షిణ కొరియాకు పంపాలని నిర్ణయించి, ఆగమేఘాల మీద సాగనంపారు. అదే మే నెలలో ఒడిశా వలసకూలీలు బస్సు దొరక్క, పిల్లల్ని భుజాన వేసుకుని, జాతీయ రహదారి వెంట సొంతూళ్లకు నడుస్తూ ఉన్నారు.